మొటిమ పోయాక మిగిలింది మచ్చా, గుంటా? ఎలా తేల్చుకోవాలి, ఏం రాయాలి?

మొటిమ తగ్గాక ముఖం మీద ఏం మిగిలినా మనం ‘మచ్చ’ అనే అంటాం. చిక్కంతా అక్కడే వస్తుంది. రంగు మారిన చర్మం వేరు, గుంట పడిన చర్మం వేరు. మొదటిది క్రీముతో తగ్గుతుంది. రెండోదానికి ఎన్ని ట్యూబులు ఖాళీ చేసినా గుంట పూడదు.

1. ముందు తేల్చుకోండి

ముఖం కడిగి తుడుచుకుని, గదిలో లైట్లు ఆర్పండి. ఫోన్ టార్చిని చెవి పక్కన పెట్టి, వెలుగు బుగ్గ మీదుగా ఏటవాలుగా పడేలా పట్టుకుని అద్దంలో చూడండి. గుంట ఉంటే దాని అంచున సన్నటి నీడ కనిపిస్తుంది. నీడ లేకుండా రంగు ఒక్కటే ఉంటే అది మచ్చ. ఎదురుగా పడే బాత్రూమ్ లైటు ఈ నీడను చెరిపేస్తుంది, దాన్ని నమ్మొద్దు. తర్వాత కళ్లు మూసుకుని వేలి కొసతో తడమండి: నున్నగా ఉంటే మచ్చ, పల్లంగానో ఎత్తుగానో తగిలితే గాయపు గుర్తు.

ఎర్రటి మచ్చ మీద గాజు గ్లాసు నొక్కి చూడండి. రంగు పాలిపోతే అది చిన్న రక్తనాళాల ఎరుపు. గోధుమ, నలుపు రంగులు చర్మానికి రంగునిచ్చే మెలనిన్‌వి, మన ఛాయలో ఎక్కువగా కనిపించేవి ఇవే. బూడిద రంగులో, కాస్త నీలంగా ఉంటే మెలనిన్ లోతుకు దిగిందని అర్థం. అది తగ్గడానికి ఏళ్లు పట్టొచ్చు.

2. కొత్త మొటిమలు ఆపండి

ఇది వదిలేస్తే పాత మచ్చ పోయేలోగా కొత్తది వస్తుంది. రాత్రి ముఖం కడిగి, పూర్తిగా ఆరాక, అడాపలీన్ 0.1 శాతం జెల్ బఠాణీ గింజంత తీసుకుని ముఖమంతా పలచగా రాయండి. మొటిమ మీద చుక్క పెట్టి వదిలేయొద్దు. మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు చాలు. మండితే మధ్యలో మాయిశ్చరైజర్ రాసుకుని, ఇంకా విరామం ఇవ్వండి, ఎందుకంటే ఆ మంటే కొత్త నల్లమచ్చ అవుతుంది. గర్భిణులు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారు అడాపలీన్ వాడకూడదు.

3. నల్లమచ్చలకు

పగలు ఎస్‌పీఎఫ్ 30 గానీ అంతకు మించి గానీ ఉన్న సన్‌స్క్రీన్ వాడండి. చూపుడు వేలు, నడిమి వేలు పొడవునా రెండు గీతలు పిండితే ముఖానికీ మెడకూ సరిపోతుంది. చాలామంది అందులో పావు వంతు రాసి, పనిచేయలేదంటారు. బండి మీద తిరిగేవాళ్లు రెండు మూడు గంటలకోసారి మళ్లీ రాయాలి. కంటికి కనిపించే వెలుగు కూడా మచ్చను ముదురుస్తుంది కాబట్టి ఐరన్ ఆక్సైడ్ ఉన్న రంగు సన్‌స్క్రీన్ మేలు.

దీనికి తోడు అజెలాయిక్ యాసిడ్ 10 నుంచి 20 శాతం, లేదా నియాసినమైడ్ 5 శాతం ఉన్న క్రీము రాయండి. రెండూ ఒకేసారి మొదలుపెట్టొద్దు, ఏది పడలేదో తెలియదు. మూడు నెలలకోసారి అదే చోట, అదే వెలుగులో ఫొటో తీసి పోల్చండి. రోజూ అద్దంలో చూస్తే తేడా తెలియదు.

4. గుంటలకు

ఇది చర్మవైద్యుల పని. సూదితో పొడిచినట్టు సన్నగా, లోతుగా ఉన్నవాటిలో గాఢమైన టీసీఏ (ట్రైక్లోరోఅసిటిక్ యాసిడ్) చుక్క వేస్తారు. అలల్లా పల్లం పడినవాటిని లోపల పట్టి లాగే పోగులు సూదితో కోసి పైకి తేలుస్తారు, దాన్ని సబ్సిషన్ అంటారు. అంచులు నిలువుగా ఉన్న వెడల్పు గుంటలకు మైక్రోనీడ్లింగ్ (సన్నటి సూదులతో చర్మాన్ని గుచ్చడం), లేజర్. సాధారణంగా నాలుగైదు వారాల తేడాతో కొన్ని సార్లు చేయించుకోవాలి. నునుపు పెరుగుతుందే గానీ చర్మం మునుపటిలా కాదు. చామనఛాయ, నల్లటి చర్మానికి లేజర్ తీవ్రత ఎక్కువైతే కొత్త నల్లమచ్చలు పడతాయి, కాబట్టి ఆ మాట ముందే అడగండి. దవడ, ఛాతీ మీద ఉబ్బి గట్టిపడే కెలాయిడ్‌కు స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు. దాన్ని గిల్లితే, కోస్తే ఇంకా పెరుగుతుంది.

5. వద్దన్నవి

నిమ్మరసం, టూత్‌పేస్టు, ఇంట్లో డెర్మా రోలర్ (సన్నటి సూదులున్న చిన్న రోలర్). అన్నిటికంటే ప్రమాదం, మెడికల్ షాపులో ‘తెల్లబడే క్రీము’ పేరుతో చేతిలో పెట్టే ట్యూబు. వెనక బీటామెథాసోన్, మొమెటాసోన్, క్లోబెటసాల్ అని ఉంటే స్టెరాయిడ్ ఉన్నట్టే. పది రోజుల్లో ముఖం మెరుస్తుంది. నెలల తర్వాత చర్మం పలచబడి, నరాలు తేలి, మొటిమలు విరుచుకుపడతాయి. ఆపితే మంట. ఇప్పటికే వాడుతుంటే మీరే ఒక్కసారిగా మానేయకుండా, ఆ ట్యూబు పట్టుకుని చర్మవైద్యుల దగ్గరికి వెళ్లండి.