వారసత్వంగా వచ్చిన పాత తుపాకీకి లైసెన్స్: హైదరాబాద్‌లో దరఖాస్తు విధానం

తాతల నాటి పన్నెండు బోరు (బోరు అంటే గొట్టం లోపలి వెడల్పు కొలత) డబుల్ బ్యారెల్ తుపాకీ, గోడకు తగిలించిన మజిల్ లోడర్ (గొట్టం మూతిలోంచి మందు కూరే పాత తుపాకీ), జాగీర్దారీ రోజుల్లో కొన్న రివాల్వర్ వంటివి హైదరాబాద్‌లోని పాత కుటుంబాల ఇళ్లలో ఇప్పటికీ కనిపిస్తాయి. వాటిలో చాలావాటిని పేల్చి ఒక తరం దాటి ఉంటుంది. అయినా 'ఎవరం వాడటం లేదు కదా, ఇంకా లైసెన్స్ ఎందుకు' అన్న వాదన చట్టం ముందు నిలవదు. 1959 నాటి ఆయుధ చట్టం మూడో సెక్షన్ ప్రకారం తుపాకీని సంపాదించుకోవాలన్నా, దగ్గర ఉంచుకోవాలన్నా, వెంట తీసుకువెళ్లాలన్నా లైసెన్స్ ఉండాలి. పైగా లైసెన్స్ వ్యక్తి పేరున ఇచ్చేదే గాని ఇంటి పేరున ఇచ్చేది కాదు. లైసెన్సుదారు మరణించాక ఆ తుపాకీని బీరువాలో అలాగే ఉంచుకునే హక్కు భార్యకు గాని, పిల్లలకు గాని దానంతట అది రాదు. లైసెన్స్ లేకుండా సాధారణ తుపాకీని దగ్గర ఉంచుకున్నందుకు 2019 సవరణ తర్వాత కనీసం రెండేళ్లు, గరిష్ఠంగా ఐదేళ్లు జైలు శిక్ష, దానితోపాటు జరిమానా పడవచ్చు.

మొదట డిపాజిట్, ఆ తర్వాతే దరఖాస్తు

చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం, ఏ కారణం చేతనైనా ఆయుధాన్ని ఉంచుకునే హక్కు పోయినప్పుడు దానిని అనవసర జాప్యం లేకుండా దగ్గరలోని పోలీస్ స్టేషన్‌లో గాని, లైసెన్స్ ఉన్న ఆయుధ డీలరు దగ్గర గాని డిపాజిట్ చేయాలి. కర్మకాండలు, ఆస్తి పంపకాలు అన్నీ ముగిశాక చూద్దామని ఈ పనిని వాయిదా వేసే కుటుంబాలే ఎక్కువ. తర్వాత పోలీసు విచారణలో ఎదురయ్యే మొదటి ప్రశ్న 'ఇన్నాళ్లూ తుపాకీ ఎక్కడ ఉంది' అనేదే. దానికి సమాధానం డిపాజిట్ రసీదు ఒక్కటే.

ఆ రసీదును చేతికి తీసుకున్నప్పుడే, అక్కడే నిలబడి చదవాలి. తుపాకీ రకం, బోరు, తయారీదారు పేరు, నంబరు పాత లైసెన్స్ పుస్తకంలో ఉన్నట్టే ఉన్నాయో లేదో సరిచూసుకోవాలి. పాత డబుల్ బ్యారెల్ తుపాకుల నంబరు సాధారణంగా ట్రిగ్గర్ గార్డు వెనుక పట్టీ మీద ఉంటుంది. బ్యారెళ్లను విడదీస్తే వాటి అడుగు భాగంలో ప్రూఫ్ ముద్రల (గొట్టం బలాన్ని పరీక్షించినట్టు వేసే ముద్రల) పక్కన కూడా కనిపిస్తుంది. తుప్పు పట్టినచోట 3 అంకె 8 లాగా, 1 అంకె 7 లాగా కనబడటం మామూలే. ఆ ఒక్క అంకె తేడా వస్తే లైసెన్స్‌లోని తుపాకీ, డిపాజిట్ చేసిన తుపాకీ వేరువేరని కాగితాల మీద తేలుతుంది. తర్వాత దానిని సరిచేయించడం కొత్త లైసెన్స్ తెచ్చుకోవడం కన్నా కష్టం. తుపాకీతోపాటు పాత తూటాలు ఉంటే వాటిని కూడా లెక్కపెట్టి అప్పగించి, ఆ సంఖ్యను రసీదులో రాయించాలి. తూటాలకు కూడా ఇదే చట్టం వర్తిస్తుంది.

స్టేషన్‌లోనా, డీలరు దగ్గరా అన్నది మీ ఇష్టం. డీలరు రుసుము తీసుకుంటాడు గాని తుపాకీకి నూనె రాసి పొడిగా ఉంచుతాడు. స్టేషన్ గదిలో ఒక వానాకాలం గడిస్తే పాత బ్యారెల్ పరిస్థితి ఏమిటో ఊహించుకోవచ్చు. వస్తువు మీద మమకారం ఉన్నవారికి డీలరు దగ్గర ఉంచడమే నయం. డిపాజిట్ చేసి మరిచిపోవడం మాత్రం ఎక్కడైనా ప్రమాదమే, ఎందుకంటే నిర్ణీత గడువులో తిరిగి తీసుకోని, అమ్ముకోని ఆయుధాలు ప్రభుత్వానికి జప్తు అవుతాయి.

తుపాకీ జిల్లాలోని సొంతూరి ఇంట్లో, వారసుడు హైదరాబాద్‌లో ఉండటం మన దగ్గర సర్వసాధారణం. అప్పుడు డిపాజిట్ తుపాకీ ఉన్న ఊరి స్టేషన్‌లోనే చేయాలి. దరఖాస్తు మాత్రం వారసుడు నివసించే చోట వేయాలి. తుపాకీని కారు డిక్కీలో పెట్టుకుని నగరానికి తెచ్చి, ఇక్కడి స్టేషన్‌లో అప్పగిద్దామనే ఆలోచన ఎంత మంచి ఉద్దేశంతో చేసినా, లైసెన్స్ లేకుండా ఆయుధాన్ని తరలించినట్టే అవుతుంది.

అసలు లైసెన్స్ అవసరమా

పాత ఆయుధాలకు చట్టంలో మినహాయింపు లేకపోలేదు. కాలం చెల్లిన నమూనా గాని, పురాతన విలువ ఉన్నది గాని, పాడైపోయినది గాని అయిన ఆయుధం, మరమ్మతు చేసినా చేయకపోయినా తుపాకీగా వాడటానికి వీలుకాని స్థితిలో ఉంటే, 45వ సెక్షన్ ప్రకారం ఆ చట్టం దానికి వర్తించదు. ఇక్కడ 'మరమ్మతు చేసినా' అన్న మాటే కీలకం. తుప్పుపట్టి గుర్రం (తూటాను పేల్చే సుత్తి) కదలని తుపాకీ కూడా మిస్త్రీ చేతిలో పడితే పనిచేయవచ్చు గనుక, అది మినహాయింపులోకి రాదు. అలాగని బ్యారెల్‌కు మీరే రంధ్రం వేయించి 'పనికిరానిది'గా మార్చకూడదు. లైసెన్స్ లేకుండా తుపాకీని మరమ్మతు చేయడం, మార్పులు చేయడం కూడా నేరాలే.

2020 ఫిబ్రవరిలో కేంద్ర హోం శాఖ నియమాలను సవరిస్తూ, 'క్యూరియో' (అపురూప సేకరణ వస్తువు) కోవకు చెందిన చిన్న ఆయుధాలను భారతీయ పౌరులు సంపాదించుకోవడానికి, ఉంచుకోవడానికి లైసెన్స్ అక్కరలేదని సడలింపు ఇచ్చింది. అయితే వాటిని వాడాలన్నా, వెంట తీసుకువెళ్లాలన్నా, ఒక చోటు నుంచి మరో చోటికి తరలించాలన్నా లైసెన్స్ కావాలి. లైసెన్స్‌లో నమోదు కానిదే వాటికి తూటాలు అమ్మరు. మీ ఇంట్లోని వస్తువు ఈ కోవలోకి వస్తుందని మీకు మీరే తీర్పు చెప్పుకోకుండా, ఫోటోలు, నంబరు, తయారీ వివరాలతో లైసెన్సింగ్ అధికారికి లేఖ రాసి, లిఖితపూర్వకమైన జవాబు తీసుకోవడం ఉత్తమం. కౌంటర్‌లో ఎవరో 'ఫర్వాలేదు, ఉంచుకోండి' అన్న మాటకు రేపు విలువ ఉండదు.

ఎవరికి దరఖాస్తు చేయాలి

హైదరాబాద్, సైబరాబాద్ వంటి కమిషనరేట్ల పరిధిలో పోలీస్ కమిషనరే లైసెన్సింగ్ అధికారి. కమిషనరేట్ లేని జిల్లాల్లో ఆ అధికారం కలెక్టరుకు, అంటే జిల్లా మేజిస్ట్రేటుకు ఉంటుంది. నగరంలో ఒకే రోడ్డుకు అటూ ఇటూ వేర్వేరు కమిషనరేట్లు ఉండవచ్చు గనుక, మీ ఇల్లు ఏ స్టేషన్ కిందికి వస్తుందో ముందు తెలుసుకోవాలి. .303 రైఫిల్, .455 రివాల్వర్, 9 ఎంఎం పిస్టల్ వంటి సైనిక బోర్ల ఆయుధాల సంగతి వేరు. వీటికి లైసెన్స్ ఇచ్చే అధికారం కమిషనరుకు ఉండదు, కేంద్ర హోం శాఖకే ఉంటుంది. మాజీ సైనికాధికారుల ఇళ్లలో కనిపించే వెబ్లీ (బ్రిటిష్ సైన్యం వాడిన రకం) రివాల్వర్ల విషయంలో ఈ తేడా తెలియక చాలాకాలం వృథా అవుతుంది.

దరఖాస్తు, జతచేయవలసినవి

2016 ఆయుధ నియమావళిలోని 25వ నియమం వారసులకు లైసెన్స్ ఇచ్చే విషయాన్ని చెబుతుంది. లైసెన్సుదారు మరణానంతరం చట్టబద్ధమైన వారసునికి లైసెన్స్ ఇవ్వవచ్చు. మరణం దాకా ఆగనక్కరలేదు కూడా: లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, ఆ తుపాకీ ఆయన దగ్గర 25 ఏళ్లుగా ఉన్నా, ఈ రెంటిలో ఏది ముందు వస్తే అప్పటి నుంచి ఆయనే ఒక వారసుణ్ణి ఎంపిక చేసి బదలాయింపు కోరవచ్చు. పెద్దవారు ఉండగానే, ఆయన సంతకంతో జరిగే ఈ పద్ధతిలో తగాదాలు తక్కువ. వీలున్న కుటుంబాలు దీనినే ఎంచుకోవాలని నా సలహా.

దరఖాస్తు ఫారం ఏ-1ను జాతీయ ఆయుధ లైసెన్సుల పోర్టల్‌లో నింపి, దాని ప్రతిని పత్రాలతో కార్యాలయంలో అందజేయాలి. దరఖాస్తుదారుకు 21 ఏళ్లు నిండి ఉండాలి. గుర్తింపు, చిరునామా, వయసు ధ్రువపత్రాలు, ఫోటోలు, శారీరక, మానసిక ఆరోగ్యానికి సంబంధించిన వైద్య ధ్రువపత్రం, ఆయుధాన్ని భద్రంగా వాడటంలో శిక్షణ పొందినట్టు పత్రం అందరికీ అవసరమైనవే. వారసత్వ దరఖాస్తుకు వీటితోపాటు మరణ ధ్రువపత్రం, అసలు లైసెన్స్ పుస్తకం, డిపాజిట్ రసీదు, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మిగతా వారసులందరూ తమకు అభ్యంతరం లేదని నోటరీ ముందు సంతకం చేసిన అఫిడవిట్ సిద్ధం చేసుకోవాలి. నిజాం కాలపు కాగితాలు ఉర్దూలో ఉంటే ధ్రువీకరించిన అనువాదం జతచేస్తే విచారణాధికారికి పని తేలికవుతుంది.

ఆయుధం ఎందుకు కావాలన్న గడిలో చాలామంది అలవాటుగా 'ఆత్మరక్షణ' అని రాస్తారు. అలా రాసినప్పుడు మీకు ఎవరి నుంచి ప్రాణహాని ఉందో నిరూపించమంటారు. గోడకు అలంకారంగా, కుటుంబ జ్ఞాపకంగా ఉంచుకునే తుపాకీకి నిజమైన కారణాన్నే రాయాలి. వ్యక్తులకు ఇచ్చే ఫారం-3 లైసెన్స్‌ను క్రీడ, రక్షణలతోపాటు ప్రదర్శన కోసం కూడా ఇస్తారు. తూటాలు కోరడం లేదని దరఖాస్తులోనే స్పష్టంగా చెప్పడం మంచిది.

దరఖాస్తు అందాక స్థానిక స్టేషన్ నుంచి నివేదిక తెప్పించుకుంటారు. ఇంటికి వచ్చే అధికారి మీ మీద కేసులున్నాయా అన్నదానితోపాటు తుపాకీని ఎక్కడ, ఎలా భద్రపరుస్తారో అడుగుతాడు. తాళం ఉన్న ఇనుప బీరువా చూపించగలగాలి. తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్స్ నిరాకరించకూడదని చట్టమే చెబుతోంది. నిరాకరిస్తే కారణాలను రాతపూర్వకంగా నమోదు చేయాలి. దానిపై అప్పీలుకు 18వ సెక్షన్ అవకాశమిస్తుంది.

రెండుకు మించి కుదరదు

2019 సవరణతో ఒక వ్యక్తి ఉంచుకోగల తుపాకుల సంఖ్య మూడు నుంచి రెండుకు తగ్గింది. వారసత్వంగా వచ్చినవాటికి కూడా ఈ పరిమితి వర్తిస్తుందని సవరణ విడిగా పేర్కొంది. తండ్రి దగ్గర రెండు ఉండి, కొడుకుకు ఇప్పటికే ఒకటి ఉంటే, ఆయనకు వచ్చేది మరొకటి మాత్రమే. మిగిలినదానికి చెల్లెలో, మరో అర్హుడైన వారసుడో తమ పేరున వేరుగా దరఖాస్తు చేయాలి, లేదా డీలరు ద్వారా అమ్మాలి. లైసెన్స్ కాలపరిమితి ఐదేళ్లు. గడువుకు రెండు నెలల ముందే పునరుద్ధరణకు దరఖాస్తు చేయడం, లైసెన్స్‌పై విశిష్ట గుర్తింపు సంఖ్య ఉందో లేదో చూసుకోవడం మరవకూడదు. ఎన్నికల సమయంలో డిపాజిట్ చేయమని ఆదేశం వస్తే, గోడకు వేలాడే తుపాకీ కూడా లైసెన్స్‌లో ఉన్నదే గనుక స్టేషన్‌కు వెళ్లవలసిందే.

వారసులు అమెరికాలోనో, గల్ఫ్‌లోనో ఉన్న ఇళ్లలో ఇంకొక చిక్కు ఉంది. అభ్యంతరం లేదన్న అఫిడవిట్‌ను వారు అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరింపజేసి పంపాలి. తుపాకీ వయసు నూరేళ్లు దాటితే 1972 నాటి పురావస్తు చట్టం కింద అది పురావస్తువు అవుతుంది. దానిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడానికి వీల్లేదు. అందుచేత ఇక్కడ నివసించే వారసుని పేరునే దరఖాస్తు వేయడం తప్ప ఆ కుటుంబాలకు ఆచరణలో మరో దారి లేదు.