ఒకటి, రెండు తరగతుల పిల్లలతో క్లాసులో బొమ్మల ప్రదర్శన ఎలా పెట్టాలి?

టీచర్లే బొమ్మలు ఏరి గోడకు అంటిస్తే ఒక పూటలో పని అయిపోతుంది. పిల్లలే ఏరుకుని, అమర్చుకుని, వచ్చినవాళ్లకు వివరించాలంటే రెండు వారాలు కావాలి. తిరుపతిలో చిన్న తరగతులకు చెప్పే టీచరుగా నేను ఆ రెండు వారాలే కేటాయించమంటాను.

ముందు ఏం గీయాలో తేల్చుకోవాలి. "మీకిష్టమైంది గీయండి" అంటే చాలామంది రెండు త్రిభుజాల కొండలు, మధ్యలో సూర్యుడు గీసేస్తారు. మన తిరుమల కొండ అలా ఉండదు కదా! పైన రాతి గోడలా నిలువుగా, కింద పచ్చగా ఉంటుంది. పిల్లల్ని బయటికి తీసుకెళ్లి పది నిమిషాలు కొండను చూడనివ్వండి. కాగితం ఆ తర్వాతే ఇవ్వండి.

కలంకారీకి ఒక మూల కేటాయిస్తే ఇంకా బాగుంటుంది. శ్రీకాళహస్తి మనకు దగ్గరే. అక్కడి కళాకారులు వెదురు పుల్లకు గుడ్డ, దారం చుట్టి కలం చేసుకుంటారు. పిల్లలు ఐస్‌క్రీం పుల్లకు పాత నూలుగుడ్డ చుట్టి, పసుపు నీళ్లలో ముంచి గీయవచ్చు. ఆరాక దానిమీద వంటసోడా నీళ్ల చుక్క వేయించండి. పసుపు ఎర్రగా మారడం చూసి క్లాసంతా మీ చుట్టూ మూగుతుంది. ఎండ తగిలితే పసుపు వెలిసిపోతుంది కాబట్టి ఈ బొమ్మల్ని కిటికీకి దూరంగా పెట్టాలి.

తర్వాత ఎంపిక. ఒక్కొక్కరి బొమ్మలన్నీ వాళ్ల ముందు పరిచి, "ఏది పెడదాం నాయనా? ఎందుకు?" అని అడగండి. మీకు నచ్చనిది ఎంచుకున్నా మార్చవద్దు. గీత వంకర పోయిందని దిద్దవద్దు. మీరు ఒక్క గీత కలిపినా అది వాళ్ల బొమ్మ కాకుండా పోతుంది, ఆ సంగతి పిల్లలకు తెలిసిపోతుంది. ప్రతి ఒక్కరిదీ ఒక బొమ్మ ఉండాలి. మొదటి బహుమతి, రెండో బహుమతి వద్దే వద్దు.

అమరికలో నేనొకసారి తప్పు చేశాను. బొమ్మలన్నీ నా కంటి ఎత్తున కట్టేశాను. ఒక పాప మడమలెత్తి తన బొమ్మ కోసం వెతుక్కుంటుంటే గానీ నాకు అర్థం కాలేదు. అప్పటినుంచి తాడు నేలకు మూడున్నర అడుగుల ఎత్తులోనే కడుతున్నాను. పెద్దవాళ్లు కాస్త వంగి చూస్తారు, పరవాలేదు.

కట్టేముందు బెంచీలు పక్కకు జరిపి, బొమ్మల్ని నేలమీద వరుసగా పరవండి. ఏది దేని పక్కన ఉండాలో పిల్లలే జరుపుకుంటారు. "కొండ బొమ్మలు ఒకచోట, వాన బొమ్మలు ఒకచోట" లాంటి ఆలోచనలు వాళ్ల నుంచే వస్తాయి. వాదులాడుకుంటే కాసేపు ఆగండి, తొందరపడి తీర్పు చెప్పవద్దు.

నవంబరు 14న బాలల దినోత్సవానికి పెడుతుంటే వానల సంగతి గుర్తుంచుకోండి. మనకు అది ఈశాన్య రుతుపవనాల కాలం. చెమ్మ గోడకు సెలోటేప్ నిలవదు. పురికొస, బట్టల క్లిప్పులు నయం. మేకులు కొట్టడం, తాడు బిగించడం పెద్దవాళ్ల పని. క్లిప్పు పెట్టడం పిల్లలది.

పేరు చీటీ ఎవరిది వాళ్లే రాయాలి. అక్షరం తిరగబడినా ఉండనివ్వండి. బొమ్మ గురించి వాళ్లు చెప్పిన ఒక్క మాట మాత్రం మీరు కింద రాయండి, వాళ్ల మాటల్లోనే.

ముందురోజు రిహార్సల్ చేయించండి. ఇద్దరిద్దరుగా నిలబడి ఒకరు చెప్పాలి, ఒకరు వినాలి. స్టేజీ అంటే టెన్షన్ పడే పిల్లలకు తలుపు దగ్గర స్వాగతం చెప్పే పనో, చూసినవాళ్ల చేత పుస్తకంలో సంతకం పెట్టించే పనో ఇవ్వండి. తల్లిదండ్రులకు కూడా ఒక మాట చెప్పి ఉంచండి: "ఇదేంటి, ఇలా గీశావు?" అనకుండా "దీని గురించి చెప్పమ్మా" అని అడగమనండి.

అయిపోయాక క్లిప్పులు తీసేది కూడా పిల్లలే. బొమ్మలు నలగకుండా పాత పేపర్లో చుట్టి, ఎవరివి వాళ్లకు ఇచ్చి ఇంటికి పంపండి.