ప్రభుత్వం ఇచ్చిన మొక్క మూడో వేసవి దాటాలంటే

ఎన్ని మొక్కలు నాటారో ప్రభుత్వాలు నాటిన రోజే చెప్పేస్తాయి. మీరు మాత్రం మూడో వేసవి దాటాక ఎన్ని బతికున్నాయో లెక్కపెట్టుకోండి, అసలు లెక్క అదే.

పథకంలో చేరేముందు నిబంధనల్లో ఒక్కటి వెతకండి: డబ్బు నాటడానికేనా, తర్వాత సంరక్షణకు కూడానా? ఇంగ్లాండ్‌లో 2021లో మొదలైన వుడ్‌ల్యాండ్ క్రియేషన్ ఆఫర్ లాంటి పథకాలు ఏళ్ల తరబడి సంరక్షణకూ ఇస్తాయి. అది లేకపోతే నీళ్లు, కలుపు, కంచె ఖర్చంతా మీదే, కాబట్టి వంద మొక్కలు ఇస్తామన్నా సరే, మీరు చూసుకోగలిగినన్నే తీసుకోండి.

ఖాళీగా కనబడిన ప్రతిచోటా అడవి పెంచకూడదు. సహజమైన గడ్డిభూములు, సగం కుళ్లిన నాచు పొరలుగా పేరుకున్న పీట్ నేలలు తమలోనే బోలెడు కార్బన్ దాచుకుంటాయి, వాటిని తవ్వితే నష్టమే. ఒకే జాతి కూడా వద్దు. ఎడారి పాకకుండా చైనా 1978లో మొదలుపెట్టిన చెట్ల అడ్డుకట్ట, ఉత్తరాది హరిత కుడ్యంలో అన్నీ పోప్లర్లే వేసిన కొన్నిచోట్ల కాండం తొలిచే పురుగు పట్టి తోటలకు తోటలే పోయాయి.

నాటేటప్పుడు తొందరపడొద్దు. కవర్‌ని బ్లేడుతో నిలువుగా కోసి పూర్తిగా తీసేయండి. కవర్‌తో సహా గుంతలో పెట్టేసిన మొక్కలు చాలా చూశాను, పీకి చూస్తే వేర్లు ఆ ప్లాస్టిక్‌లోనే చుట్టలు చుట్టుకుని ఉంటాయి, ప్రాణం ఉసూరుమంటుంది. మట్టిగడ్డ చుట్టూ వేర్లు తాడులా తిరిగి ఉంటే వేళ్లతో మెల్లగా విడదీయండి. కాండం ముగిసి వేర్లు మొదలయ్యే చోటు సరిగ్గా నేలమట్టానికి రావాలి, అంతకంటే లోతుగా పాతితే మొదలు కుళ్లుతుంది. మట్టి నింపి, గాలి లేకుండా మడమతో నొక్కి, పాది కట్టండి.

తర్వాత రెండు మూడేళ్లు మొక్క చుట్టూ మీటరు మేర గడ్డి లేకుండా చూడండి, ఎందుకంటే మనం పోసే నీళ్లు ముందు తాగేది అదే. ఎండుటాకులు కప్పండి, కాండానికి తగలనివ్వకండి. రోజూ చెంబుడు నీళ్లు పోస్తే వేర్లు పైపైనే ఉండిపోతాయి, దానికంటే కొన్ని రోజులకోసారి పాది నిండా పెట్టడం నయం.

కొన్ని చచ్చిపోతాయి. వాటి బదులు కొత్తవి అడిగేముందు ఆ నేలలో పాత మొదళ్లు చిగురిస్తున్నాయేమో చూడండి. ఆఫ్రికాలోని నైజర్ దేశపు రైతులు పొలాల్లో అలాంటి చిగుళ్లను కొట్టేయకుండా కాపాడుకుని దాదాపు 50 లక్షల హెక్టార్లలో చెట్లను తిరిగి తెచ్చుకున్నారు. చిగురు కనబడితే బలమైన రెండు మూడు కొమ్మలు ఉంచి, మిగతావి కోసేసి, పశువులు మేయకుండా చుట్టూ ముళ్లకంప వేయండి.