ల్యాప్‌టాప్ నత్తనడక నడుస్తోందా? కొత్తది కొనేముందు ఇలా చేసి చూడండి

అనంతపురంలో మా మామకు ఒక చిన్న జిరాక్స్ అంగడి ఉంది. మీభూమిలో అడంగల్, 1బి తీసివ్వడం, ఆధార్ కాగితాలు ప్రింట్ కొట్టడం, సీజన్లో నాలుగు పెళ్లి పత్రికలు కంపోజ్ చేయడం ఆయన పని. పొద్దున షట్టరెత్తి ల్యాప్‌టాప్ బటన్ నొక్కి, ఎదురుగా బంకులో టీ తాగి వచ్చినా తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉండేవి. "ఏమప్పా, ఇంగా లెయ్యలేదా నీ మిషను?" అని పల్లెల నుంచి వచ్చిన రైతులు ఎగతాళి చేసేవాళ్లు. రిపేరుకు తీసుకెళ్తే, మూత కూడా విప్పకుండానే "పాతదయిపోయింది సార్, కొత్తది తీసుకోండి" అన్నారట.

2017లో కొన్నది. నిజానికి దాంట్లో పాడైంది పెద్దగా ఏమీ లేదు. ఒక్క భాగం మార్చి, లోపలి దుమ్ము దులిపితే సరిపోయింది. మీ ఇంట్లోనూ అలాంటిది ఉంటే ముందు ఈ పని చేయండి.

ఎక్కడ ఇరుక్కుంటోందో చూడండి

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. చిన్న కిటికీలా వస్తే కింద 'మోర్ డీటెయిల్స్' నొక్కాలి. సీపీయూ, మెమరీ, డిస్క్ అని వరుసలు, వాటి మీద శాతాలు కనిపిస్తాయి. మీరు ఏ పనీ చేయకుండా ఓ ఐదు నిమిషాలు అలాగే చూస్తూ కూర్చోండి.

డిస్క్ 100 దగ్గరే అతుక్కుపోయి ఉంటే దోషం హార్డ్ డిస్క్‌ది. బ్రౌజర్ తెరిచిన ప్రతిసారీ మెమరీ 90 దాటుతుంటే ర్యామ్ చాలడం లేదని అర్థం. 4 జీబీ ఉన్నవాళ్లు 8కి పెంచుకోవచ్చు, కానీ ర్యామ్‌లో రకాలున్నాయి, డీడీఆర్3 స్లాట్‌లో డీడీఆర్4 పట్టదు, పాతది విప్పి చేత్తో పట్టుకుని కొనడానికి వెళ్లండి. పొద్దున బాగానే ఉండి మధ్యాహ్నం మొరాయిస్తుంటే అది వేడి. దాని సంగతి తర్వాత.

అదే టాస్క్ మేనేజర్లో 'స్టార్టప్' అనే చోట, ఆన్ చేయగానే వాటంతట అవే లేచే ప్రోగ్రాములు ఉంటాయి. యాంటీవైరస్, టచ్‌ప్యాడ్, సౌండ్ వంటివి వదిలేసి, మీకు రోజూ అవసరం లేనివాటిని డిసేబుల్ చేయండి. ఒక్క క్లిక్కుతో వేగం పెంచేస్తామనే 'బూస్టర్'ల జోలికి మాత్రం పోకండి. మామ ల్యాప్‌టాప్‌లో అలాంటివి మూడున్నాయి. మూడూ స్టార్టప్‌లోనే కూర్చున్నాయి!

హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేయడం

'పెర్ఫార్మెన్స్' ట్యాబ్‌లో డిస్క్ 0 మీద నొక్కితే అది హెచ్‌డీడీనో ఎస్‌ఎస్‌డీనో తెలుస్తుంది. హెచ్‌డీడీ అంటే లోపల నిజంగానే ఒక పళ్లెం తిరుగుతుంటుంది, పాత ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా నిమిషానికి 5,400 చుట్లు. విండోస్ లేవాలంటే వేల చిన్న ఫైళ్లు కావాలి. ఒక్కో ఫైలు కోసం ముల్లు అటూ ఇటూ జరిగి, పళ్లెం తిరిగి వచ్చేదాకా ఆగాలి. ఎస్‌ఎస్‌డీలో తిరిగేది, జరిగేది ఏదీ లేదు. అందుకే అదే ప్రాసెసర్, అదే విండోస్ అయినా మిషను మారిపోయినట్టుంటుంది.

చాలా పాత ల్యాప్‌టాప్‌లకు 2.5 అంగుళాల సాటా రకం ఎస్‌ఎస్‌డీ సరిపోతుంది. అయినా అడుగున ఉన్న మోడల్ నంబరు ఫొటో తీసుకుని వెళ్లి అడగండి. అంగడి పనికి, ఇంటి పనికి 256 జీబీ చాలు.

కొత్తది వేసేముందు ఫొటోలు, కాగితాలు ఇంకో చోటికి కాపీ చేసుకోండి. ఇది నేను చెంపలేసుకుని చెబుతున్న మాట. పాత డిస్కులో ఉన్నదంతా ఉన్నట్టుగా కొత్తదానిలోకి దించడాన్ని క్లోనింగ్ అంటారు. యూఎస్‌బీ నుంచి సాటాకు కలిపే చిన్న కేబుల్, క్లోన్‌జిల్లా లాంటి ఉచిత ప్రోగ్రాము ఉంటే చాలు. అయితే కొత్త డిస్కు పాతదానికంటే చిన్నదైతే క్లోన్‌జిల్లా మామూలుగా ఒప్పుకోదు. మొదటిసారి చేసినప్పుడు ఏ డిస్కు నుంచి ఏ డిస్కులోకి అన్నది తారుమారు చేసి, ఖాళీ డిస్కును నిండు డిస్కు మీదికి దించేశాను. మా చెల్లెలి సీమంతం ఫొటోలు అట్లా పోయాయి. ఇప్పటికీ పండగకు కలిస్తే ఆ మాట వస్తుంది. కాబట్టి రెండు డిస్కుల సైజులు ముందే కాగితం మీద రాసుకుని, 'సోర్స్' అన్న చోట పాతదాని సైజే ఉందా అని రెండుసార్లు చూడండి. విండోస్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ (డిస్కులోని ఫైళ్లకు తాళం వేసే ఏర్పాటు) ఆన్‌లో ఉంటే దాన్ని ముందే ఆపేయండి. ఆపకుండా డిస్కు మారిస్తే మొదటిసారి ఆన్ చేయగానే 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు.

క్లోనింగ్ భయం అనుకుంటే 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద విండోస్ ఎక్కించుకుని కొత్తగానే వేసుకోండి. ల్యాప్‌టాప్‌తో వచ్చిన లైసెన్స్ మామూలుగా మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటుంది, నెట్ కలపగానే దానంతట అదే యాక్టివేట్ అవుతుంది.

ఇక విప్పడం. షట్‌డౌన్ చేసి, చార్జర్ తీసి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి. స్క్రూలన్నీ ఒకే పొడవుండవు, పొడుగుదాన్ని పొట్టిదాని చోట బిగిస్తే పైన కీబోర్డు ఉబ్బుతుంది. మేం అత్తను అడిగి ఇడ్లీ ప్లేటు తెచ్చుకున్నాం. ఏ మూల స్క్రూ ఆ మూల గుంటలో. ఇంతకంటే మంచి పరికరం నాకింకా దొరకలేదు. మూత వచ్చాక ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీసి, ఆ తర్వాతే డిస్కు ముట్టుకోండి. పాతదాన్ని పక్కకు జరిపి లాగితే వచ్చేస్తుంది, అదే ఫ్రేములో కొత్తదాన్ని బిగించి లోపలికి నెట్టాలి.

విప్పారు కదా, దుమ్ము కూడా దులపండి

మన అనంతపురం దుమ్ము గురించి చెప్పేదేముంది. ఫ్యాన్ గాలి బయటకు పోయే రాగి రెక్కల మీద బూడిద రంగు దుమ్ము గుడ్డముక్కలా పేరుకుని ఉంది. పట్టకారుతో పట్టి లాగితే ఒక్క పొరగా ఊడొచ్చింది. గాలి ఆడకపోతే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. బయట 42 డిగ్రీలున్న రోజున అది ఇంకా త్వరగా జరుగుతుంది. మెత్తటి బ్రష్షుతో దులపండి, గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్క తిరగకుండా వేలు అడ్డం పెట్టండి.

అంతా బిగించి బటన్ నొక్కితే అర నిమిషంలోపే డెస్క్‌టాప్ వచ్చింది. మామ నమ్మలేక మళ్లీ ఆపి, మళ్లీ వేశాడు.

విండోస్ 10 సంగతి

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. ఇంటి వాడకానికైతే మైక్రోసాఫ్ట్ ఖాతాతో నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 వరకు భద్రతా అప్‌డేట్లు ఇస్తామన్నారు. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కావాలి, ఇంటెల్ అయితే 8వ తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్ ఉండాలి. అవి లేనివాళ్లకు విండోస్ బదులు వేసుకునే లినక్స్ మింట్ ఉచితం, బ్రౌజింగుకు, తెలుగు టైపింగుకు బాగుంటుంది. అయితే అను ఫాంట్లు, పేజ్‌మేకర్ లాంటి విండోస్ సరుకు మీద బతికే డీటీపీ (కంప్యూటర్ కంపోజింగు) వాళ్లకు నేను ఆ సలహా ఇవ్వను. మామ అందుకే పాతదాన్ని కంపోజింగుకే ఉంచి, నెట్ తీసేశాడు. మీభూమి, ఆధార్ పనులకు మా తమ్ముడు కాలేజీలో వాడిన ల్యాప్‌టాప్ పెట్టుకున్నాడు.

తీసిన హార్డ్ డిస్కును వెంటనే చెరిపేయకండి. ఓ నెల రోజులు అట్లాగే ఉంచి, ఏ ఫైలూ వెతుక్కోవలసి రాలేదని నమ్మకం కుదిరాక, యూఎస్‌బీ కేసులో పెట్టి బ్యాకప్‌కు వాడుకోండి. లోపలి నుంచి టక్ టక్ మని చప్పుడు వస్తుంటే మాత్రం దానిమీద ఏదీ దాచొద్దు.