గిలకపాము వాడుక పేరును బట్టి శాస్త్రీయ నామాన్ని ఎలా తేల్చుకోవాలి?

తోక చివర గిలకను ఆడించి హెచ్చరించే పాములు అమెరికా ఖండాలలో తప్ప మరెక్కడా సహజంగా కనిపించవు. టెక్సస్‌లోనో, అరిజోనాలోనో స్థిరపడిన తెలుగువారికి ఇరుగుపొరుగు వారి నోట వాటి పేర్లు వినిపిస్తూనే ఉంటాయి. అయితే అక్కడ ఒకే పేరు రెండు పాములకు, ఒకే పాముకు రెండు మూడు పేర్లు ఉండడం మామూలు.

ముందుగా, విన్న పేరును ఆ పాము కనిపించిన చోటుతో సహా రాసుకోవాలి. ఉత్త ‘డైమండ్‌బ్యాక్’ అంటే చాలదు. టెక్సస్, అరిజోనాలలో ఆ పేరు క్రోటాలస్ అట్రాక్స్‌కు చెందుతుంది. ఫ్లోరిడాలో అదే మాట క్రోటాలస్ అడమాంటియస్ అనే వేరే జాతిని సూచిస్తుంది.

తరువాత ప్రజాతిని, అంటే నామంలోని మొదటి మాటను తేల్చుకోవాలి. గిలకపాములన్నీ క్రోటాలస్, సిస్ట్రురస్ అనే రెండు ప్రజాతులలోనే ఉన్నాయి. నడినెత్తిన తొమ్మిది పెద్ద పలకలు ఉంటే సిస్ట్రురస్, చిన్న చిన్న పొలుసులు ఉంటే క్రోటాలస్. దీనిని ఫొటోలో మాత్రమే చూడాలి, ఇందుకోసం పాము దగ్గరకు ఎన్నడూ వెళ్ళరాదు. లాటిన్, గ్రీకు మాటలని జంకనక్కరలేదు. మన కట్లపాము ప్రజాతి నామమైన ‘బంగారస్’ తెలుగు ‘బంగారు’ నుంచి వచ్చిందే.

మూడవ మెట్టు జాతి పదం, అంటే నామంలోని రెండవ మాట. అర్థం తెలిస్తే ఈ పదం బాగా గుర్తుంటుంది: ‘అడమాంటియస్’ అంటే వజ్రం వంటిది, ‘రూబర్’ అంటే ఎర్రనిది, ‘విరిడిస్’ అంటే ఆకుపచ్చనిది. అయితే అర్థాన్ని పట్టుకుని పామును గుర్తించబోతే పొరపాటు తప్పదు. క్రోటాలస్ విరిడిస్ అనేది ప్రెయిరీ గిలకపాము. జనం ‘మొహావీ గ్రీన్’ అని పిలిచేది క్రోటాలస్ స్కుటులాటస్‌ను. ఈ మొహావీ పాముకూ, అట్రాక్స్‌కూ తోక మీద నలుపు తెలుపు పట్టీలు ఉండడం వల్ల రెండింటినీ ‘కూన్‌టెయిల్’ అనేవారున్నారు. మొహావీ పాము విషం చాలా ప్రాంతాలలో నాడీమండలాన్ని తీవ్రంగా దెబ్బతీస్తుంది కనుక, ఈ రెండు పాములు ఒకే పేరుతో కలగాపులగం కావడాన్ని నేను చిన్న విషయంగా చూడలేను.

ఆపైన, పాత పుస్తకాలలోని పేరు నేటికీ చెల్లుతుందో లేదో చూడాలి. ఒకప్పుడు విరిడిస్‌లో కలిపి చెప్పిన పసిఫిక్ తీరపు పాములు ఇప్పుడు క్రోటాలస్ ఒరెగానస్ అనే వేరే జాతి. ‘టింబర్’, ‘కేన్‌బ్రేక్’ అని రెండుగా చెప్పినవి నిజానికి ఒకే జాతి, 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ పేరు పెట్టిన క్రోటాలస్ హారిడస్.

చివరగా రాసే పద్ధతి. మొదటిసారి ప్రస్తావించినప్పుడు వాడుక పేరు పక్కనే శాస్త్రీయ నామాన్ని వాలు అక్షరాలలో పూర్తిగా ఇచ్చి, ఆ తరువాత వ్యాసమంతటా ఆ వాడుక పేరునే మార్చకుండా వాడాలి.