పచ్చి మట్టి సామాను బట్టీ ఎక్కించే ముందు

వైజాగ్‌లో టైల్స్, కుండీలు అచ్చు పోసేవాళ్లు ముందు భయపడాల్సింది సముద్రపు గాలిలోని తేమకి.

- పగ్ మిల్‌లో (మట్టిని పిసికే యంత్రం) చెయ్యి పెట్టాలంటే మెయిన్ స్విచ్ ఆపి, దానికి తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకోండి. ఒక్క నిమిషమే కదా అనుకోవద్దు, ప్లీజ్.

- ముద్దను తీగతో కోసి గాలి బుడగలు చూడండి.

- ఓపిక కావాల్సింది ఆరబెట్టడంలోనే. పలచటి అంచులు ముందు ఆరి కుంచించుకుంటాయి, మధ్యలో ఇంకా పచ్చిగానే ఉంటుంది, ఆ లాగుడుకే పగుళ్లు వస్తాయి, అందుకే మొదటి రోజు ఎండలోనో ఫ్యాన్ కిందో పెట్టకుండా నీడలో ఉంచి, అంచులకి ప్లాస్టిక్ షీటు కప్పి, మధ్యమధ్యలో తిరగేయండి. డ్రైయర్ ఉంటే మొదట తేమగాలితో మెల్లగా వేడెక్కించండి, పొడిగాలి తర్వాతే.

- ముక్కను చెంపకి ఆనించండి, చల్లగా తగిలితే ఇంకా ఆరనట్టే. ఒక ముక్కను రోజూ తూకం వేస్తే ఇంకా నమ్మకం. కానీ అక్టోబరు, నవంబరు ముసురులో బరువు తగ్గడం ఆగినా లోపల కొంత తేమ మిగిలే ఉంటుంది, కాబట్టి బట్టీ వేడిని 100 డిగ్రీలు దాటనివ్వకుండా కొన్ని గంటలు నిలపండి, లేకపోతే నీళ్లు ఆవిరై ముక్కలు పేలిపోతాయి. నాకు ఒక ట్రే మొత్తం అలాగే పోయింది.

- ఎండిన మట్టి దుమ్ములో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తులు పాడవుతాయి. చీపురు వద్దు, తడిగుడ్డతో తుడవండి. ఎన్95 మాస్కు పెట్టుకోండి, చేతిరుమాలు సరిపోదు.