చేతనైన చదువు మీదనే ఇష్టం పుడుతుంది

"మా గుంటడికి చదువు మీద బొత్తిగా ధ్యాస లేదు మేస్టారూ, మీరే నాలుగు మాటలు చెప్పండి" అని ఎవరో ఒక తల్లో తండ్రో వచ్చి అడగని వారం శ్రీకాకుళం జిల్లా బడుల్లో ఉండదు. ఆ నాలుగు మాటలూ నేను చాలా ఏళ్లు చెప్పాను. చదివితే ఉద్యోగం వస్తుందనీ, చదవకపోతే హైదరాబాదుకో చెన్నైకో వలసపోయి ఇటుకలు మోయాల్సి వస్తుందనీ చెప్పాను. పిల్లలు బుద్ధిగా తలలూపి, మర్నాడు అదే వెనక బెంచీలో అలాగే కూర్చున్నారు. ముందు ఆసక్తి కలగాలి, ఆ తరవాత చదువు వస్తుంది అనేది మనందరి లెక్క. గణితం చెబుతూ నేను గమనించినంతలో ఈ వరస తిరగబడి ఉంటుంది: ఒక పని తనకు చేతనయిందని పిల్లవాడికి తెలిసిన తరవాతే దాని మీద ఇష్టం మొదలవుతుంది. మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లో, 'నేను చేయగలను' అనే నమ్మకం ఎక్కడి నుంచి వస్తుందో వివరిస్తూ, స్వయంగా సాధించిన అనుభవానికే అన్నిటికన్నా ఎక్కువ బలం ఉందన్నాడు. తనలాంటి మరొకరు చేయడం చూడటం, పెద్దల ప్రోత్సాహపు మాటలు అంతకన్నా తక్కువ బలం గలవి. మనం మాత్రం ఎప్పుడూ మాటలతోనే మొదలుపెడతాం.

ఎక్కడ ఆగిపోయాడో వెతకండి

బీజగణితం దగ్గర తడబడే తొమ్మిదో తరగతి పిల్లవాణ్ని నిదానంగా కదిపి చూస్తే, చాలాసార్లు ఐదో తరగతి భిన్నాల దగ్గరే ఆగిపోయి ఉంటాడు. మధ్యాహ్న భోజనం అయ్యాక అరగంట పక్కన కూర్చోబెట్టుకొని, పైకి చెబుతూ లెక్క చేయమనండి. తప్పు దొర్లితే అప్పుడే దిద్దకుండా, ఒక తరగతి కిందికి దిగి మరో లెక్క ఇవ్వండి. చెయ్యి ఆగకుండా సాగే చోటు దొరికే దాకా దిగుతూనే ఉండి, అక్కడి నుంచి ఒక్క మెట్టు పైన పని మొదలుపెట్టండి. ఐదు లెక్కలు ఇస్తే నాలుగు చేయగలిగినవిగా, ఒకటి కుస్తీ పట్టాల్సినదిగా ఉండాలి. ఐదూ సులువైతే తనను తక్కువ అంచనా వేశారని పిల్లవాడికి తెలిసిపోతుంది. ఐదూ కష్టమైతే పుస్తకం మూసేస్తాడు.

ఈ వెతుకులాట తరగతి అందరి ముందు జరగకూడదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను పరీక్ష పేపర్లను ఎక్కువ మార్కుల నుంచి తక్కువ మార్కుల దాకా పేర్లు పిలిచి పంచేవాణ్ని. పోటీ పెరుగుతుందని నా ఊహ. వరసగా మూడుసార్లు చివర పిలిపించుకున్న కుర్రవాడు నాలుగో పరీక్ష నాడు బడికే రాలేదు. ఆ తరవాత పేపర్లు మడతపెట్టి ఎవరివి వారికి ఇవ్వడం నేర్చుకున్నాను.

పాఠాన్ని ఇంటి దాకా పిల్లవాడే తీసుకెళ్లాలి

పలాస వైపు బడుల్లో చాలామంది పిల్లల తల్లులు జీడిపప్పు పరిశ్రమల్లో పనిచేస్తారు. భిన్నాలు చెబుతున్న రోజు ఎనిమిదో తరగతిలో ఒకణ్ని, "మీ అమ్మ ఏరే పప్పులో 240 అంటే ఏమిటి?" అని అడిగాను. "పెద్ద పప్పు మేస్టారూ, 320 అంటే చిన్నది" అన్నాడు. "అంకె పెద్దదైతే పప్పు చిన్నదెలా అయింది?" అన్నాను. జవాబు రాలేదు, కానీ అప్పటి దాకా కిటికీలోంచి బయటికి చూస్తున్నవాడు నల్లబల్ల వైపు తిరిగాడు. ఆ అంకె ఒక పౌనుకు, అంటే సుమారు 454 గ్రాములకు, ఎన్ని పప్పులు తూగుతాయో చెప్పేది. 454ను 240తో భాగిస్తే పప్పు ఒక్కొక్కటి దాదాపు 1.9 గ్రాములు, 320తో భాగిస్తే దాదాపు 1.4 గ్రాములు వచ్చింది. హారం పెరిగితే వాటా తరుగుతుందని నేను మూడు రోజులుగా చెబుతున్నదే. మర్నాడు ప్రార్థనకు ముందే వచ్చి, "మాయమ్మకి తెల్సు మేస్టారూ, అది భాగారమని తెలీదు గానీ" అన్నాడు.

అలాగని ప్రతి పాఠానికీ జీడిపప్పు తగిలించబోతే నవ్వులపాలవుతాం. పాఠం ఉపయోగాన్ని ఉపాధ్యాయుడు ఏకరువు పెట్టడం కన్నా విద్యార్థి చేతనే రాయించడం మేలు. మనస్తత్వ పరిశోధకులు క్రిస్ హల్లెమన్, జుడిత్ హారకీవిచ్ 2009లో ప్రచురించిన అధ్యయనంలో, అమెరికా ఉన్నత పాఠశాల పిల్లల చేత సైన్సు పాఠానికీ తమ బతుకుకూ ఉన్న సంబంధాన్ని సొంత మాటల్లో రాయించారు; తాము బాగా చేయలేమని ముందే అనుకున్న పిల్లల్లో ఆసక్తీ మార్కులూ రెండూ పెరిగాయి. నెలకు రెండుసార్లు అర పేజీ చాలు, అక్షర దోషాలకు మార్కులు తగ్గించకుండా ఉంటే.

రాసే భాష కూడా పిల్లవాడిదే కావాలి. 1863లో శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టిన గిడుగు వెంకట రామమూర్తి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర అనే గిరిజన భాష నేర్చుకొని, ఆ భాషలోనే వాచకాలు రాసి, సవర పిల్లల కోసం బడులు పెట్టించాడు. ఏటా ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29న ఆయన పటానికి దండ వేసి, అదే పూట ఇంటి యాసలో "గుంట" అన్న పిల్లవాణ్ని "సరిగ్గా మాట్లాడు" అని గదమాయించే బడులు మనకు తక్కువేమీ కాదు.

బహుమతి, పొగడ్త

మార్క్ లెపర్, అతని సహచరులు 1973లో ప్రచురించిన ప్రయోగంలో, బొమ్మలు గీయడం ముందే ఇష్టమైన చిన్నపిల్లల్లో కొందరికి గీస్తే పతకం లాంటి కాగితం ఇస్తామని ముందుగా చెప్పారు. కొన్నాళ్లకు, ఆ మాట విని గీసినవాళ్లు మిగతావాళ్లకన్నా బొమ్మల మీద బాగా తక్కువ సమయం గడిపారు. చెప్పకుండా ఇచ్చిన బహుమతి అలాంటి నష్టం చేయలేదు. కాబట్టి పిల్లవాడు తనంతట తాను చేస్తున్న పనికి వెల కట్టకండి. ఎక్కాలు వల్లెవేయడం లాంటి రుచీ పచీ లేని పనికి చిన్న ఆశ చూపితే ముంచుకొచ్చే ప్రమాదం లేదనే నా అభిప్రాయం.

పొగడ్తలో "నువ్వు తెలివైనవాడివి" అనే మాట అందరికీ అలవాటు. తెలివిని పొగిడించుకున్న పిల్లలు ఆ పేరు పోతుందన్న భయంతో కష్టమైన పనిని తప్పించుకోవడం, ఒకసారి ఓడితే త్వరగా నీరుగారిపోవడం క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ 1998 ప్రయోగాల్లో కనిపించింది. "రెండో మెట్టు దగ్గర గుర్తు మార్చడం మరచి, నువ్వే కనిపెట్టి దిద్దావు" అని జరిగినదాన్ని జరిగినట్టు చెప్పండి.

ఇంట్లో చదువుకున్నవారు లేకపోతే

అమ్మానాన్నలు వలస వెళ్తే పిల్లలు అమ్మమ్మ దగ్గరో నాయనమ్మ దగ్గరో ఉంటారు. అక్షరం రాని ముసలామె ఏం చెప్పగలదని అనుకోనక్కర్లేదు. "ఇవాళ బళ్లో ఏం చెప్పారో నాకు చెప్పు" అని రోజూ అడిగి, అర్థం కానిచోట "అంటే?" అంటే చాలు. పుస్తకం మూసి గుర్తు తెచ్చుకొని చెప్పడం, మళ్లీ మళ్లీ చదవడం కన్నా వారం తరవాత ఎక్కువ నిలుస్తుందని మనస్తత్వ పరిశోధకులు రోడిగర్, కార్పికీ 2006లో చూపించారు. విచిత్రమేమిటంటే, మళ్లీ మళ్లీ చదివినవారికే తమకు బాగా వచ్చిందన్న ధీమా ఎక్కువ. పక్కింటివాడికి ట్రిపుల్ ఐటీ సీటు వచ్చిందన్న పోలికను మాత్రం ఆ సంభాషణలోకి రానివ్వకండి.

విశ్వవిద్యాలయంలో

ఎచ్చెర్లలో 2008లో ఏర్పడిన అంబేద్కర్ విశ్వవిద్యాలయం లాంటి చోట్లకు వచ్చే విద్యార్థుల్లో తెలుగు మాధ్యమంలో చదివినవారు చాలామంది ఉంటారు. ఆంగ్లంలో సాగే మొదటి ఉపన్యాసానికే సగం ధైర్యం పోతుంది. మొదటి నెలలో ప్రశ్న తెలుగులో అడిగినా జవాబు దొరుకుతుందని అధ్యాపకుడు ముందుగానే చెప్పాలి, అడిగినప్పుడు నిజంగానే చెప్పాలి. హాజరు తగ్గితే పరీక్షకు కూర్చోనివ్వబోమన్న బెదిరింపు బెంచీలను నింపుతుంది, అంతవరకే. మనుషులను లోపలి నుంచి కదిలించేవి స్వేచ్ఛ, చేతనవడం, తోడు అని మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎడ్వర్డ్ డెసి, రిచర్డ్ రయాన్ చెప్పిన మూడింటిలో, మన కళాశాలల్లో బొత్తిగా దొరకనిది స్వేచ్ఛ. ప్రాజెక్టు అంశాన్ని విద్యార్థినే ఎంచుకోనివ్వండి. వాణిజ్య శాస్త్రం చదివే అమ్మాయి పొందూరు వెళ్లి, వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వే దగ్గర నుంచి నేత దాకా ఖద్దరు ధరలో ఎవరికెంత దక్కుతుందో లెక్క తీస్తే, ఆ లెక్కలో తప్పు దొర్లితే తనే బాధపడుతుంది. మనసు డీఎస్సీ మీదో గ్రూప్స్ మీదో ఉన్నవారిని ఎగతాళి చేయకుండా, ఆ సిలబస్‌లో మీ పాఠం ఎక్కడ తగులుతుందో చూపించండి.

తరగతికి రావడం మానేసినవారికి మూడో రోజే ఫోను చేయండి. ఎందుకు రాలేదని నిలదీయకుండా, ఏ పాఠం నడుస్తోందో చెప్పి, ఎవరి నోట్సు తీసుకోవచ్చో చెప్పండి. తిరిగి వచ్చిన రోజు కారణాలు అందరి ముందు అడగకండి. ఆ విద్యార్థి తప్పకుండా చెప్పగలిగిన ప్రశ్న ఒకటి ముందే సిద్ధం చేసుకొని, గంట సగం గడిచాక మామూలుగా అడగండి.